ఆఖరి కూత ఎవరిది?

ఒక ఆట ఊహించుకుందాం. నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీ గ్రౌండు. లోకల్ జట్టుకీ, ఆళ్లగడ్డ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన జట్టుకీ కబడ్డీ ఫైనల్. 20 నిమిషాల చొప్పున రెండు సగాలు. ముప్పైతొమ్మిదిన్నర నిమిషాలు అయిపోయాయి. బోర్డు మీద ఆళ్లగడ్డ 31, నంద్యాల 30. నంద్యాల కుర్రాడొకడు గీతకి దండం పెట్టి కూత అందుకున్నాడు. కుడి కార్నర్ మీదికి వెళ్లినట్టే వెళ్లి, తిరుగుతూ తిరుగుతూ కాలు చాపి ఇద్దర్ని తాకాడు. మూడోవాడు నడుం మీదికి దూకేలోపే వచ్చి గీత మీద పడ్డాడు. విజిల్. 32-31.

కుర్రాణ్ణి భుజాల మీదికి ఎత్తేశారు. గోడ మీద కూర్చుని చూస్తున్న పెద్దాయన ఒక్క ముక్కలో తేల్చేశాడు: "వాడే గెలిపిచ్చినాడప్పా ఆటని!"

ఈ మాట నిజమేనా?

నంద్యాల గెలిచింది నిజం. ఆ కుర్రాడు రెండు పాయింట్లు తెచ్చింది నిజం. మరి మిగతా 30 పాయింట్ల సంగతి? మొదటి సగంలో, ఆరో నిమిషంలో, ఆళ్లగడ్డ రైడర్ బోనస్ గీత మీదికి కాలు పెట్టబోతుంటే ఎడమ కార్నర్‌లో ఉన్న పిల్లవాడు చీలమండ పట్టేశాడు. ఒక పాయింటు. నలుగురు చప్పట్లు కొట్టారు, మిగతావాళ్లు అప్పటికింకా ఎండలో గొడుగులు సర్దుకుంటున్నారు. ఆ ఒక్క పాయింటు లేకపోతే ఆఖరి కూత ఎంత గొప్పదైనా ఆట 31-31 దగ్గరే ఆగిపోయేది. లెక్క ప్రకారం ఆరో నిమిషం పాయింటూ, నలభయ్యో నిమిషం పాయింటూ ఒకటే. స్కోరు రాసే మాస్టారు రెండింటికీ ఒకే పెన్నుతో ఒకే గీత గీశాడు. కానీ భుజాల మీద ఉన్నది ఒక్కడే. చీలమండ పట్టినవాడు కింద, ఎత్తుకున్నవాళ్లలో ఒకడుగా, ఆ కుర్రాడి కాలు పట్టుకుని అరుస్తున్నాడు.

ఇందులో ఏదో అన్యాయం ఉందని నాకు చాలాకాలంగా అనుమానం. అది ఆటకి సంబంధించిన చిన్న అన్యాయం మాత్రమేనా, ఇంకా పెద్దదా అన్నదే అసలు ప్రశ్న.

*

ఈ ప్రశ్నకి కబడ్డీ కంటే పదునైన ఉదాహరణ, మనకి బొత్తిగా చుట్టరికం లేని ఒక ఆటలో ఉంది. ఐస్ హాకీ. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊళ్లలో మంచు మీద ఆట గురించి మాట్లాడటం కాస్త విడ్డూరమే. అయినా సీమ పిల్లలు అమెరికాలో ఎమ్మెస్ చదువుకోడానికి వెళ్లే యూనివర్సిటీల్లో కొన్నిచోట్ల అది మన క్రికెట్ లాంటిది.

2014 ఏప్రిల్ 10, ఫిలడెల్ఫియా. అమెరికా కాలేజీ ఐస్ హాకీ జాతీయ సెమీఫైనల్. మిన్నెసోటా, నార్త్ డకోటా. ఎన్నో ఏళ్ల పాత పగ ఉన్న రెండు జట్లు. స్కోరు 1-1. పైగా మిన్నెసోటా ఆటగాడొకడు పెనాల్టీ మీద బయట కూర్చున్నాడు, అంటే ఒక మనిషి తక్కువ. ఎలాగోలా ఈ కొన్ని సెకన్లు గట్టెక్కితే ఎక్స్‌ట్రా టైమ్‌లో చూసుకుందాం అనుకోవాల్సిన స్థితి. అలాంటప్పుడు జస్టిన్ హోల్ అనే డిఫెండర్ గోలు కొట్టాడు. గడియారంలో మిగిలింది 0.6 సెకన్లు. ఆ సీజన్ మొత్తంలో అతనికి అదే మొదటి గోలు. మిన్నెసోటా 2-1తో గెలిచింది.

సినిమాలో రాస్తే నమ్మం. కానీ నన్ను ఆపింది ఆ గోలు కాదు, దానికి ఇటూ అటూ ఉన్న రెండు విషయాలు. ఒకటి: స్కోరు 1-1 దగ్గరే నిలబడింది కాబట్టే ఆ 0.6 సెకన్లకి విలువ వచ్చింది. అలా నిలబడటానికి మిన్నెసోటా గోలీ ఆడమ్ విల్‌కాక్స్ దాదాపు 60 నిమిషాల పాటు షాట్లు ఆపుతూనే ఉన్నాడు. అతను ఆపిన షాట్లలో ఏ ఒక్కటి లోపలికి పోయినా హోల్ గోలు ఓటమిని వాయిదా వేసిన గోలు అయ్యేదే తప్ప గెలిపించిన గోలు కాదు. రెండు: రెండు రోజుల తర్వాత ఫైనల్లో మిన్నెసోటా యూనియన్ కాలేజీ చేతిలో 7-4తో ఓడిపోయింది. కప్పు వేరేవాళ్లకి పోయింది. అయినా ఈ రోజుకీ జనం వెతికి వెతికి చూసే వీడియో ఆ 0.6 సెకన్లదే.

అంటే ఆఖరి క్షణానికి మనం ఇచ్చే విలువకీ, అది నిజంగా తెచ్చిపెట్టిన ఫలితానికీ పెద్దగా సంబంధం లేదన్నమాట. ఆ విలువ ఇంకెక్కడి నుంచో వస్తోంది.

*

అసలు 'ఆఖరు' అనేది ఎవరు నిర్ణయిస్తారు?

ఐస్ హాకీలో గడియారం నిర్ణయిస్తుంది. సున్నా పడేలోపు పక్ గీతని పూర్తిగా దాటాలి. దాటలేదా, అది గోలు కాదు. దారిలో ఉంది, ఇంకో వెంట్రుకవాసిలో లోపలికి వెళ్లేది అంటే కుదరదు. వీడియో వెనక్కి తిప్పి, సెకనులో పదో వంతు దాకా చూసి తేలుస్తారు.

కబడ్డీ గడియారానికి అంత కాఠిన్యం లేదు. టైమ్ అయిపోయినా నడుస్తున్న కూతని పూర్తి కానిస్తారు. లోపల ఉన్నవాడు ఊపిరి బిగబట్టి ఉండగా మధ్యలో కోసేయడం ధర్మం కాదని ఈ ఆట అనుకుంది. మామూలు హాకీ కూడా అంతే, టైమ్ ముగిసేలోపు పెనాల్టీ కార్నర్ ఇచ్చి ఉంటే అది పూర్తయ్యేదాకా ఆట ముగియదు. అంటే ఆఖరు అనేది ప్రకృతిలో లేదు. మనుషులు కూర్చుని గీసుకున్న గీత. ఒక ఆట ఒకచోట గీసింది, ఇంకో ఆట ఇంకోచోట.

ఈ గొడవ మనకి కొత్త కాదు. సైంధవ వధ కథంతా ఇదే కదా. అభిమన్యుడు చనిపోయిన మర్నాడు, పొద్దు గూకేలోపు సైంధవుణ్ణి చంపకపోతే నిప్పుల్లో దూకుతానని అర్జునుడి శపథం. సాయంత్రమైంది. కృష్ణుడు సూర్యుణ్ణి కమ్మేశాడు. ఆట అయిపోయిందనుకుని సైంధవుడు తల పైకెత్తాడు. వెలుగు మళ్లీ వచ్చింది, బాణం వెళ్లింది. ఊళ్లో రచ్చబండ దగ్గర ఈ కథ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, అది న్యాయమేనా అని. ఆ ప్రశ్న వీడియో రివ్యూ ప్రశ్నే. టైమ్ ఉందా, లేదా?

కానీ ఆ కథలో ఇంకో సంగతి ఉంది, అది ఎవరూ అడగరు. ఆ రోజంతా ద్రోణుడు పన్నిన వ్యూహాన్ని చీల్చుకుంటూ అర్జునుడు లోపలికి వెళ్లాడు. అతని వెనకే సాత్యకి వెళ్లాడు, ఆ వెనక భీముడు వెళ్లాడు. గుర్రాలు అలిసిపోతే యుద్ధం మధ్యలో వాటికి నీళ్లు పట్టాల్సి వచ్చింది. పొద్దుటి నుంచి నడిచిన ఆ దారి లేకపోతే సాయంత్రం బాణం ఎక్కడి నుంచి వేస్తాడు? మనకి గుర్తున్నది మాత్రం కమ్ముకున్న సూర్యుడూ, తెగిన తలా.

*

ఇక్కడ అవతలి పక్షం వాదన కూడా వినాలి. లేకపోతే ఇది ఓడిపోయినవాడి సణుగుడులా తయారవుతుంది.

మొదటి వాదన: ఆఖరి క్షణంలో ఒత్తిడి వేరు. ఆరో నిమిషంలో చీలమండ పట్టడమూ, ఓటమి నెత్తిన కూర్చుని ఉన్నప్పుడు కూతకి వెళ్లడమూ ఒకటి కాదు. గొంతు ఎండిపోతుంది, కాళ్లు బరువెక్కుతాయి, గోడ మీద వందమంది అరుస్తుంటారు. అప్పుడు చేయి వణక్కపోవడం ఒక గుణం. ఒప్పుకుంటాను. దానికి ప్రత్యేకంగా మెచ్చుకోవాల్సిందే.

రెండో వాదన ఇంకా బలమైనది. మొదట్లో పడ్డ గోలుకి జవాబు ఉంటుంది. ఆఖర్లో పడ్డదానికి ఉండదు. ఆరో నిమిషంలో పాయింటు పోగొట్టుకున్న ఆళ్లగడ్డకి ఇంకా 34 నిమిషాలు ఉన్నాయి. నలభయ్యో నిమిషంలో పోగొట్టుకున్నదానికి ఇక ఏమీ లేదు. తలుపు మూసుకుపోయింది. మన గుండె ఝల్లుమనేది ఆ తలుపు చప్పుడికి. అది భ్రమ కాదు, నిజంగానే ఏదో ముగిసిపోయింది.

ఇది కూడా ఒప్పుకుంటాను. కానీ ఒక్క నిమిషం ఆగి చూడండి. ఆ తలుపు మూసింది ఎవరు? కుర్రాడు కాదు, గడియారం. ఆ రెండు పాయింట్లకి జవాబు లేకుండా చేసింది అతని కాలి విసురు కాదు, ఆ తర్వాత టైమ్ లేకపోవడం. అదే కూత, అదే తిరుగుడు, అదే టచ్ ముప్పయ్యో నిమిషంలో పడి ఉంటే 'మంచి రైడ్' అని మర్చిపోయేవాళ్లం. అంటే ఆ క్షణానికి ఉన్న బరువు గడియారానిది. దాన్ని తీసుకెళ్లి మనిషి ఖాతాలో జమ చేస్తున్నాం. పొరపాటు అక్కడ జరుగుతోంది.

మన బుర్రలకి ఇది అలవాటే అని మనస్తత్వశాస్త్రం కూడా చెబుతుంది. డేనియల్ కానమన్, ఆయన సహచరులు 1993లో ఒక ప్రయోగం ప్రచురించారు. మనుషుల చేతిని 14 డిగ్రీల చల్లటి నీళ్లలో ఒక నిమిషం పెట్టించారు. ఇంకోసారి అదే నిమిషం, దాని మీద ఇంకో అర నిమిషం అదనం. కాకపోతే ఆ అర నిమిషంలో నీళ్లని మెల్లగా 15 డిగ్రీలకి తెచ్చారు. మూడోసారి ఏది కావాలో మీరే ఎంచుకోండి అంటే, ఎక్కువమంది పొడుగు బాధనే ఎంచుకున్నారు. మొత్తం బాధ ఎక్కువైనా, ముగింపు కాస్త మెత్తగా ఉంది కాబట్టి. జ్ఞాపకం కూడికలు చేయదు. చివర ఏమైందో చూసుకుని మొత్తానికి ధర కట్టేస్తుంది.

*

పొగడ్త ఒకడికే దక్కితే పెద్ద నష్టం లేదు అనుకోవచ్చు. చీలమండ పట్టినవాడు కూడా సంతోషంగానే అరుస్తున్నాడు కదా. కానీ ఇదే లెక్క నింద దగ్గరికి వచ్చేసరికి మనుషుల్ని తినేస్తుంది.

2000 సిడ్నీ ఒలింపిక్స్ పురుషుల హాకీ. ఆ జట్టులో మన హైదరాబాదు ముకేష్ కుమార్ ఉన్నాడు, అది అతనికి మూడో ఒలింపిక్స్. ధన్‌రాజ్ పిళ్లై ఉన్నాడు. ఆఖరి లీగ్ మ్యాచ్ పోలండ్‌తో. గెలిస్తే సెమీఫైనల్. ఇండియా 1-0తో ముందుంది. ఆట ముగియడానికి రెండు నిమిషాలు కూడా లేవు, పోలండ్ గోలు కొట్టింది. 1-1. సెమీస్ పోయింది. ఇండియా చివరికి ఏడో స్థానంతో ఇంటికి వచ్చింది.

ఆ తరం హాకీ అభిమానుల్ని కదిపితే ఇప్పటికీ ఆ గోలే చెబుతారు. అదే టోర్నీలో అంతకుముందు దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిన మ్యాచ్ గురించి ఎవరూ చెప్పరు. అక్కడ కనీసం డ్రా చేసుకుని ఉంటే పోలండ్ గోలు ఇంత బరువు మోయాల్సి వచ్చేది కాదు. పోలండ్ మీదే 68 నిమిషాల పాటు రెండో గోలు కొట్టలేకపోయారు. ఆ 68 నిమిషాలకి ముద్దాయి లేడు. ఆఖరి రెండు నిమిషాలకి మాత్రం అందరూ ముద్దాయిలే.

బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్వవేత్తలు 1976లో ఈ చిక్కుకి ఒక పేరు పెట్టారు. తెలుగులో 'నైతిక అదృష్టం' అనుకోవచ్చు. ఇద్దరు లారీ డ్రైవర్లు బ్రేకులు సరిగ్గా చూసుకోకుండా బయల్దేరారు. ఒకడి ముందుకి ఒక పిల్లవాడు పరిగెత్తుకొచ్చాడు. రెండోవాడి దారిలో ఎవరూ రాలేదు. నిర్లక్ష్యం ఇద్దరిదీ ఒకటే. ఒకడు హంతకుడయ్యాడు, రెండోవాడు ఇంటికెళ్లి అన్నం తిన్నాడు. మన చేతిలో లేనిదాన్ని బట్టి మనల్ని తూచడం న్యాయమేనా అన్నది వాళ్ల ప్రశ్న.

ఆఖరి క్షణం ఈ ప్రశ్నకి గడియారాన్ని కలుపుతుంది. పదో నిమిషంలో డిఫెండర్ కాలు జారితే కోచ్ ఒక అరుపు అరుస్తాడు, అంతే. అరవైతొమ్మిదో నిమిషంలో జారితే జీవితాంతం ఆ కాలు అతనితోపాటు నడుస్తుంది. జారుడు అదే, గడ్డి అదే.

దీనికి అవతలి ఒడ్డు టోక్యో. 2021 ఆగస్టు 5, కాంస్యం కోసం జర్మనీతో మ్యాచ్. 1-3తో వెనకబడ్డ ఇండియా 5-4కి వచ్చింది. ఏడు సెకన్లు కూడా మిగల్లేదనగా జర్మనీకి పెనాల్టీ కార్నర్. శ్రీజేష్ ఆపాడు. 41 ఏళ్ల తర్వాత హాకీలో ఒలింపిక్ పతకం. ఆ రోజు ఆయన గోల్‌పోస్టు ఎక్కి కూర్చున్న ఫోటో చూడనివాళ్లు లేరు. ఆ బంతి లోపలికి వెళ్లి ఉంటే? శ్రీజేష్ ఆ రోజు ఆడిన ఆటలో ఒక్క ఇంచీ కూడా మారేది కాదు. మనం ఆయన గురించి రాసే వాక్యం మాత్రం మొత్తం మారిపోయేది.

*

ఆళ్లగడ్డలో రాతిపని చేసేవాళ్ల వీధిలో నడిస్తే, రోడ్డు పక్కనే సగం చెక్కిన దేవుళ్లు, నాయకులు వరసగా కనిపిస్తారు. దేవతా విగ్రహాలకి కళ్లు తెరిపించడం ఆఖరున చేస్తారు. అదొక తంతు. కళ్లు తెరిచాక చూసినవాళ్లు 'ఇప్పుడు ప్రాణం వచ్చింది' అంటారు. ఆ మాటలో నిజం ఉంది. అంతదాకా రాయి, ఇప్పుడు మనల్ని చూస్తోంది.

కానీ బండని ఎంచుకున్నవాడికి తెలుసు, దాంట్లో పగులు ఉందో లేదో ఉలితో తట్టి చప్పుడు విన్న రోజే సగం పని తేలిపోయిందని. రాతిలో ఆఖరి దెబ్బకి ఇంకో స్వభావం కూడా ఉంది. అన్నీ బాగుంటేనే అది పని పూర్తి చేయగలదు. కానీ అన్నీ బాగున్నా చెడగొట్టగలదు. ముక్కు మీద ఒక్క తప్పు దెబ్బ పడితే నెలల పని పోతుంది. నిలబెట్టడానికి వెయ్యి దెబ్బలు కావాలి, కూలగొట్టడానికి ఒకటి చాలు. అందుకే ఆఖరి దెబ్బకి జాగ్రత్త ఎక్కువ కావాలి. జాగ్రత్త ఎక్కువ కావడం వేరు, విలువ ఎక్కువ కావడం వేరు. ఈ రెండింటినీ మనం కలిపేస్తాం.

*

ఇదంతా ఆటల వరకే అయితే ఇంత రాయక్కర్లేదు. ఈ లెక్క మన ఇళ్లలో నడుస్తోంది కాబట్టి రాస్తున్నాను.

ఏ ఊళ్లో అయినా, ఏ వీధిలో అయినా ఈ ఇల్లు కనిపిస్తుంది. పెద్దాయన మంచం పట్టి ఆరేళ్లు. కొడుకు అమెరికాలోనో, బెంగళూరులోనో. కూతురు ఊళ్లోనే, లేదా ఊరికి దగ్గర్లో. ఆరేళ్లు ఆ కూతురే జావ కాచింది, మాత్రలు వేసింది, వీపు పుండు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పింది, రాత్రిళ్లు లేచింది, నోటికొచ్చినట్టు తిడితే పడింది. ఆఖరి రోజు కబురు వెళ్లింది. కొడుకు ఏదో ఫ్లైట్ పట్టుకుని, శంషాబాద్‌లో దిగి, రాత్రంతా కారులో వచ్చాడు. తులసి తీర్థం పోశాడు. గంటలో ఆయన పోయారు.

చుట్టాలు ఏమంటారు? "పుణ్యాత్ముడు. కొడుకు కోసమే ప్రాణం పట్టుకున్నాడు. వాని చేతి నీళ్లు తాగే పోయినాడు." పదో రోజు కూడా ఇదే మాట. ఫోన్లలో ఇదే మాట. కూతురు వచ్చినవాళ్లకి కాఫీ గ్లాసులు అందిస్తూ ఈ మాట వింటుంది.

ఆ ప్రాణాన్ని ఆరేళ్లు పట్టుకుని ఉన్నది ఎవరు?

దీన్నే ఇంకోవైపు తిప్పండి. కొడుకే ఆరేళ్లూ చూసుకున్నాడు. ఉద్యోగం మార్చుకుని ఊరికి వచ్చేశాడు. ఒక సాయంత్రం మందుల షాపుకి వెళ్లి వచ్చేసరికి అయిపోయింది. ఇప్పుడు అతను ఇరవై ఏళ్లు ఒకే వాక్యం మోస్తాడు: "ఆఖరి నిమిషంలో నేను దగ్గర లేను." రెండు వేల రోజులు దగ్గరున్నాడు. మందుల షాపు క్యూలో పది నిమిషాలు లేడు. మన లెక్కలో పది నిమిషాలు గెలుస్తాయి.

కొడుకు పోసిన ఆ నీళ్లు తండ్రికి అమృతమే అయ్యుండొచ్చు. దాన్ని తక్కువ చేయను. వీడ్కోలుకి విలువ ఉంది. అందుకే కదా కడసారి చూపు కోసం మనుషులు అంతంత దూరాల నుంచి పరిగెత్తుకొస్తారు. నాకు అభ్యంతరం ఆ నీళ్ల గురించి కాదు. ఆ నీళ్లతో ఆరేళ్లనీ కడిగేసే వాక్యం గురించి.

*

'మన సంప్రదాయమే ఆఖరి క్షణానికి పెద్దపీట వేసింది కదా' అని ఎవరైనా అనొచ్చు. అజామిళుడి కథ చూపిస్తారు. ఆంధ్ర మహాభాగవతం ఆరో స్కంధంలో ఉంటుంది. జీవితమంతా దారి తప్పి బతికినవాడు, చావు ముంగిట యమదూతల్ని చూసి భయపడి, ముద్దుల చిన్నకొడుకుని 'నారాయణా' అని పిలిచాడు. పిలిచింది కొడుకునే. అయినా విష్ణుదూతలు వచ్చి విడిపించారు. ఇంతకంటే పెద్ద ఆఖరి సెకను గోలు ఎక్కడుంది?

చిన్నప్పుడు హరికథల్లో విన్నవాళ్లకి కథ ఇక్కడే ఆగిపోయినట్టు గుర్తు. ఆగలేదు. విష్ణుదూతలు వెళ్లిపోయాక అజామిళుడు చనిపోలేదు. బతికాడు. రెండు పక్షాల దూతల మధ్య జరిగిన వాదన విని, సిగ్గుపడి, ఇల్లు వదిలి, గంగాతీరానికి వెళ్లి, అక్కడ మనసు నిలుపుకుని సాధన చేశాడు. ఆ తర్వాతే శరీరం విడిచాడు. ఆఖరి క్షణానికి అంత శక్తి ఇచ్చిన కథ కూడా, ఆ క్షణంతోనే పని అయిపోయిందని చెప్పలేదు. అతనికి ఎక్స్‌ట్రా టైమ్ ఇచ్చి, ఆడమంది.

గీతలో కూడా ఇదే తర్కం. ఎనిమిదో అధ్యాయంలో, పోయేటప్పుడు ఏది తలిస్తే దాన్నే చేరతావు అని చెప్పి ఊరుకోలేదు. ఎప్పుడూ దేన్ని తలుస్తూ ఉన్నావో అదే అప్పుడు గుర్తొస్తుంది, కాబట్టి అన్ని వేళలా తలుచుకో అన్నాడు. ఆ 'కాబట్టి'ని మనం వదిలేశాం. ఆఖరి క్షణం అనేది అంతకుముందు రోజులన్నీ కలిసి పలికే మాట. విడిగా దానికి గొంతు లేదు.

*

నంద్యాల చుట్టుపక్కల తిరునాళ్లప్పుడు, పండగలప్పుడు ఎద్దుల బండలాగుడు పోటీలు పెడతారు. ఒక్కో జత ఒంటరిగా వస్తుంది. కాడికి బండ కడతారు. పెట్టిన టైమ్‌లో ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో అడుగులు, అంగుళాలతో సహా వేస్తారు.

నాకు ఈ పోటీలో నచ్చనివి చాలా ఉన్నాయి. టైమ్ దగ్గర పడుతున్నకొద్దీ అదిలింపులు పెరుగుతాయి, చెర్నాకోల లేస్తుంది. ఎద్దుకి గడియారం తెలియదు. ఆఖరి నిమిషం అనేది దానికి లేదు. అది మనది, కానీ దెబ్బ దానిది. మనుషులు గీసుకున్న ముగింపుకి ఎవరి వీపు ధర కడుతుందో అక్కడ కళ్లారా కనిపిస్తుంది.

కానీ ఒక్క విషయంలో ఆ టేపు మనకంటే న్యాయంగా ఉంటుంది. మొదటి నిమిషంలో లాగిన అడుగుని అడుగంటుంది. ఆఖరి నిమిషంలో లాగిన అడుగునీ అడుగే అంటుంది. అలిసిపోకముందు సునాయాసంగా వచ్చిన దూరమూ, నురగలు కక్కుతూ వచ్చిన దూరమూ అన్నీ ఒకే వరసలో కూడుతుంది. చూసేవాళ్లు ఎక్కడ ఈలలు వేశారో దానికి అక్కర్లేదు.

మనం టేపులం కాలేం, కానవసరం కూడా లేదు. ఈల వేయకుండా ఆట చూడటం ఎందుకు? ఆఖరి కూతకి ఊపిరి బిగబట్టనివాడికి కబడ్డీ ఎందుకు? కుర్రాణ్ణి ఎత్తుకోండి, ఊరంతా తిప్పండి. అయితే నోటితో అనే మాట విషయంలో కొంచెం జాగ్రత్త పడదాం. 'ఆఖర్లో వాడు భయపడలేదు' అనండి, అది వాడి సొత్తు, ఎవరూ తీసుకోలేరు. ఓడిన జట్టులో మీదికి దూకి ఒక్క అంగుళంలో అందుకోలేకపోయిన మూడోవాడి గురించి కూడా అదే మాట అనగలిగితే, అప్పుడు మనం మెచ్చుకుంటున్నది ధైర్యాన్ని అని నమ్ముతాను. గెలిచినవాడి గురించి మాత్రమే అనగలిగితే, మనం మెచ్చుకుంటున్నది గడియారాన్ని. 'వాడే గెలిపించాడు' అన్న మాట మాత్రం ఒక్కడి గురించి అనేది కాదు.

చావు జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు కూడా అంతే. ఆఖరి గంటలో ఎవరున్నారు అని అడగడం మనకి అలవాటు. ఈసారి కాఫీ గ్లాసు అందుకుంటూ, ఇచ్చిన ఆమెని ఇంకో ప్రశ్న అడగొచ్చు. "ఇన్నాళ్లూ రాత్రిళ్లు ఎట్లా లేచినావమ్మా?" అని. ఆమె ఏం చెబుతుందో తెలియదు. బహుశా ఏమీ చెప్పకపోవచ్చు, ఇంకో గ్లాసు తేవడానికి లోపలికి వెళ్లిపోవచ్చు. అయినా అడగాల్సిన ప్రశ్న అదే. ఆరో నిమిషంలో ఆ చీలమండ పట్టింది ఎవరో, మనం ఒకసారి తెలుసుకున్నట్టు అవుతుంది.